నడుము బిగించుట

పక్కటెముకల పంజరమునకును కటివలయమునకును నడుమ, వెనుకనున్న వెన్నుపూసలు తప్ప మరి యే ఎముకయు కాపుగా లేని జానెడు చోటు నడుము. దేహమున తక్కిన భాగములు చాల వరకు ఎముకల మాట విని తమ తమ ఆకృతులను నిలుపుకొనుచుండగా, ఈ యొక్క భాగము మాత్రము కండరముల పట్టును, తిన్న తిండిని, కన్న బిడ్డలను, గడచిన యేండ్లను అనుసరించి పెరుగుచు తరుగుచు నుండును. లొంగెడి దానినే లోకము లొంగదీయును గనుక, భుజాస్థిని కుదించుకొనవలెనని యెవరికిని తోచకపోయినను, నడుమును సన్నము చేసికొనవలెనని తోచని కాలము మాత్రము చరిత్రలో అరుదు.

మన ప్రబంధకవులు ఈ ముచ్చటను మాటలతోనే తీర్చుకొనిరి. వారి నాయిక నడుము సింహమధ్యముతో మొదలై, పిడికిట నిమిడి, తీగయై, నూలిపోగై, తుదకు ఆకాశమువలె శూన్యమై, ఉన్నదో లేదో యను సందేహాలంకారములో అదృశ్యమగుచుండును. అంతటి వర్ణనకు గురియైనను ఏ నాయికకును ఊపిరి యాడకపోలేదు. ఏ నాయిక కాలేయము మీదను పక్కటెముకల అచ్చు పడలేదు. వర్ణన ముగిసిన మరుక్షణమే ఆమె సుఖముగా లేచి పూలు కోయుటకు పోయెడిది. ఐరోపా ఖండమున అట్లు గాక, ఈ పని దర్జీల చేతికి చిక్కినది. కవి చేత అతిశయోక్తిగా నున్నది దర్జీ చేత ఆజ్ఞయైనది. ఆ ఆజ్ఞకు కార్సెట్టని పేరు. నేడది మరల మన బజారులలోనికి, మన పెండ్లిండ్ల సామగ్రిలోనికి క్రొత్త రూపములతో వచ్చుచున్నది గనుక, దానిని తొడుగుకొనుట వలన ప్రయోజనము కలదా, లేదా యని నెమ్మదిగా విచారించుట అనుచితము గాదు.

కార్సెట్టునకు పూర్వరూపము 16వ శతాబ్దమున ఐరోపా రాజాస్థానములలో ఊర్ధ్వకాయమును నిటారుగ నిలుపు బిగుతు తొడుగుగా పుట్టినది. ముందువైపు కొయ్యతోనో, దంతముతోనో చేసిన పలక యొకటి. గుడ్డ పొరల నడుమ వరుసగా కుట్టిన సన్నని బద్దలు. అల్లి బిగించుటకు త్రాడు. ఆ బద్దలు తిమింగలముల నోటినుండి తీసినవి. కొన్ని జాతుల తిమింగలములకు పండ్లకు మారుగా, సముద్రజలమును వడగట్టి ఆహారమును నిలుపుకొనుటకై పైదవడనుండి పలకలు వ్రేలాడుచుండును. అవి మన గోళ్ల పదార్థమునకు చెందినవే. వేడిచేసి వంచి చల్లార్చినచో ఆ వంపును విడువవు. ఫ్రెంచి విప్లవానంతరము వస్త్రముల నడుము గీత రొమ్ము క్రిందికి జరిగి, అసలు నడుమునకు కొన్ని సంవత్సరములు సెలవు దొరికినది గాని, ఆ సెలవు త్వరలోనే ముగిసినది. అంతవరకు త్రాడును మితిమీరి లాగినచో గుడ్డ చినిగెడిది. 1820లలో త్రాడు దూరు కన్నములకు లోహపు వలయములు తొడుగు పద్ధతి వచ్చుటతో, గుడ్డ చినుగునన్న భయము తొలగి, ఎంత లాగినను తాళునది ఏర్పడినది. 1829లో పారిస్ నగరమున జోస్లాఁ అనునతడు ముందువైపు విడదీసి తగిలించుకొను ఉక్కు పలకను కల్పించెను. దానితో దాసీజనము లేని స్త్రీ కూడ ఒంటరిగా కార్సెట్టు తొడుగుకొనగలిగినది. ఈ విధముగా రాణివాసపు అలవాటు నూలుమిల్లు కార్మికురాలి వరకును దిగివచ్చినది.

న్యాయము చెప్పవలెనన్న, ఆ స్త్రీలందరును నడుము నలిగి మూర్ఛపోవుచుండిరనుట కల్పనయే. ఇంగ్లండున మార్కెట్ హార్‌బరో పట్టణములోని సిమింగ్‌టన్ వారి కార్సెట్ల కర్మాగారమునుండి లెస్టర్‌షైర్ మ్యూజియములకు చేరిన పాత కార్సెట్లను కొలిచి చూడగా, వానిలో అత్యధిక భాగము 20 మొదలు 26 అంగుళముల నడుము కలవిగా తేలినవి. నవలలలో ప్రతి నాయికకును ఉండెడి 18 అంగుళముల నడుము అందులో మిక్కిలి అరుదు. అదియును గాక, తొడిగినప్పుడు వెనుక రెండంచులును కలియునట్లు లాగక కొంత సందు విడుచుట వాడుక గనుక, లోపలి నడుము ఆ కొలతకన్న పెద్దదే. సన్నదనము కొరకు పక్కటెముకలు తీయించుకొనిరను ప్రవాదమునకు ఎట్టి ఆధారమును లేదు. రొమ్ములకు వేరు ఆధారము లేని ఆ కాలమున, పొరలు పొరలుగా దిగు లంగాల బరువు నడుము మీద తెగకోయకుండ, ఆ బరువును మొండెమంతటికిని పంచిపెట్టిన వస్త్రము కార్సెట్టే. ఆధారముగా నున్నంతకాలము అది ఉపకారియే. ఆధారమును శాసనముగా మార్చిన పిమ్మటనే కథ మారినది.

వైద్యులు ఆ మార్పును చాల ముందుగనే పసిగట్టిరి. జర్మను శరీరశాస్త్రవేత్త జోమ్మెరింగ్ 1788లోనే ఈ బిగింపు వలని హానిని గూర్చి వ్రాసి, ప్రాచీన వీనస్ శిల్పపు మొండెమును, బిగింపునకు లోబడిన స్త్రీ మొండెమును పక్కపక్కన చిత్రింపించి చూపెను. మెత్తని ప్రాయమునుండి గట్టిగా బిగించినచో క్రింది పక్కటెముకలు లోనికి వంగును. కాలేయము మీద వాని చారలు పడును. ఉదరవితానము క్రిందికి దిగుటకు చోటు చాలక, శ్వాస రొమ్ము పైభాగముననే ఆడుచుండును. అట్టి స్త్రీ మెట్లెక్కినను, నాట్యమాడినను ఆయాసపడుటలో ఆశ్చర్యమేమున్నది? అమెరికా వైద్యుడు రాబర్ట్ డికిన్సన్ 1887లో పీడనమాపకమును కార్సెట్టు లోపల నుంచి, అది దేహముపై నెంత ఒత్తిడి చేయుచున్నదో కొలిచి ప్రకటించెను. వైద్యులును తమ పక్షమున కొంత అతిశయోక్తి చేయకపోలేదు: క్షయకు కారణము సూక్ష్మజీవియని 1882లో కోఖ్ నిరూపించునంతవరకే గాక ఆ పిమ్మట కూడ, స్త్రీల రోగములలో సగము పాపమును త్రాటి మీదనే మోపిరి. నిందకు దొరికిన వస్తువుమీద అందరును తలా ఒక నింద వేయుదురు.

ఈ చరిత్రలో నా మనస్సు మరల మరల పోవునది ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్ వద్దకు. 1837లో మ్యూనిక్‌లో జన్మించి, 16 ఏండ్ల ప్రాయమున ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తిని పెండ్లాడి, సీసీ యను ముద్దుపేరుతో లోకప్రసిద్ధయైన ఆ యువతి సుమారు 172 సెంటీమీటర్ల పొడవరి. నలుగురు బిడ్డలను కన్న తల్లి. అయినను ఆమె నడుము దాదాపు 50 సెంటీమీటర్లు. దానికై త్రాళ్లు బిగించుటకే గంటసేపు పట్టెడిదని చెప్పుదురు. ఆమె బాహ్యమైన బిగింపుతో తృప్తి చెందలేదు. వియన్నాలోని హోఫ్‌బర్గ్ రాజసౌధమున తన గదులలో గోడకు నిచ్చెన కమ్ములను, వ్రేలాడు వలయములను అమర్పించుకొని వ్యాయామము చేసెడిది, గంటల తరబడి గుఱ్ఱపుస్వారి, పరుగువంటి నడక, ప్రతిదినమును తూకము, తూకము కొంచెము హెచ్చినచో పాలతోనో, మాంసరసముతోనో దినము గడపుట. ఇంత చేసి సంపాదించిన సౌందర్యమును, ముప్పది దాటిన కొలది కాలమునకే, ఆమె లోకమునకు చూపుట మానుకొన్నది. ఛాయాచిత్రము తీయనీయక, విసనకఱ్ఱ చాటునను, ముసుగు చాటునను ముఖము దాచుకొన్నది. వయస్సు ముఖము మీదికి రాగా, నడుము ఆ లోటును తీర్చలేకపోయినది.

1898 సెప్టెంబరు 10న జెనీవాలో, సరస్సు ఒడ్డున స్టీమరు నెక్కుటకు నడచిపోవుచుండగా, లుకేని యను అరాజకవాది మొనతేల్చిన ఆకురాయితో ఆమె రొమ్మున పొడిచెను. ఆమె క్రిందపడి, లేచి, ఎవరో గ్రుద్దిరనుకొని, తోడున్న పరిచారికతో కూడ నడచి స్టీమరు నెక్కినది. గాయము గుండెకు తగిలినదైనను, గట్టిగా బిగించిన కార్సెట్టు కట్టువలె నదిమిపట్టియుండుట చేత నెత్తురు మెల్లగా మాత్రమే కారినదనియు, అందుచేతనే ఆమె ఆ మాత్రము నడువగలిగినదనియు చెప్పుదురు. మూర్ఛిల్లిన ఆమెకు ఊపిరాడుటకై త్రాళ్లు కోసిన పిమ్మటగాని, లోపల చిన్న రక్తపు మరక కనబడి అసలు సంగతి బోధపడలేదు. కొందరు ఈ కథను కార్సెట్టు ప్రాణము నిలిపినదని చెప్పుదురు. కొందరు గాయమును కప్పిపుచ్చినదని చెప్పుదురు. నాకు రెండును ఒక్కటిగనే తోచును. ఉన్న స్థితిని తాత్కాలికముగా నిలిపియుంచి లోపలి స్థితిని తెలియనీయకుండుట, ఇదియే కార్సెట్టు స్వభావము. అందలి మేలును కీడును ఆ యొక్క స్వభావమునుండియే పుట్టినవి.

ఇంత శ్రమ ఎవరి కొరకు? అమెరికా ఆర్థికశాస్త్రవేత్త థోర్స్టీన్ వెబ్లెన్ 1899లో తన విరామవర్గ సిద్ధాంత గ్రంథమున దీనికి నిష్ఠురమైన సమాధానము చెప్పెను: భార్య ఏ పనికిని పనికిరాని స్థితిలో నుండుట భర్త ఐశ్వర్యమునకు చాటింపు, కార్సెట్టు ఆ నిష్ప్రయోజకత్వమును దేహము మీద కంటికి కనబడునట్లు చేయు సాధనము. ఈ వాదమున సత్యము కలదు గాని సంపూర్ణ సత్యము లేదు. పొద్దంతయు కర్మాగారమున నిలుచుండు యువతియు దానిని తొడిగినది గదా. పురుషులును దీనికి అతీతులు కారు. ఇంగ్లండు రాజైన నాలుగవ జార్జి తన స్థూలకాయమును కార్సెట్టులో బంధించుకొని కొలువుదీరెడివాడు. ఆనాటి సొగసుకాండ్రును, అశ్వదళపు అధికారులును కొందరు ఆయన దారినే నడచిరి. అధికారము గలవాడు తన పొట్టను దాచుకొనుటకు తొడిగినది, అధికారము లేనిది తన విలువను చూపుకొనుటకు తొడిగినది. వస్త్ర మొక్కటే యైనను ఇరువురి అవసరములు వేరు.

కార్సెట్టు పోయిన విధము కూడ విచిత్రమైనది. 1900 ప్రాంతమున గాష్-సారోత్ అను వైద్యవిద్యనెరిగిన ఫ్రెంచి వనిత, పొట్టమీద ఒత్తిడి తగ్గునట్లు ముందు నిటారుగానుండు క్రొత్త కార్సెట్టును కల్పించినది. లోకము దానిని గూడ బిగించి లాగుట చేత, స్త్రీలు రొమ్ము ముందుకును, పిరుదులు వెనుకకును తోసికొని వంకరగా నిలువవలసి వచ్చినది. నడుమును విముక్తము చేసితినని చెప్పుకొన్న పారిస్ వస్త్రశిల్పి పాల్ పొయిరే, ఆ చేతితోనే అడుగు సాగనీయని ఇరుకు లంగాను కుట్టి కాళ్లను బంధించెను. 1914లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అను అమెరికా యువతి పొందిన బ్రాసియరు పేటెంటును చివరకు ఒక కార్సెట్ల కంపెనీయే 1,500 డాలర్లకు కొన్నది. మారుచున్న గాలిని వ్యాపారులు అందరికన్న ముందుగా గుర్తింతురు. మొదటి ప్రపంచయుద్ధకాలమున స్త్రీలు కర్మాగారములకును, ఆసుపత్రులకును పోయిరి. పని చేయవలసిన దేహమునకు ఊపిరి కావలసివచ్చినది. అయినను 1947లో క్రిస్టియన్ డియోర్ సన్నని నడుమును మరల ప్రతిష్ఠింపగా, బిగింపు తిరిగి వచ్చినది. ఆ తరువాత త్రాళ్లు పోయి, వాని స్థానమున ఉపవాసములును, వ్యాయామశాలలును వెలసినవి. సీసీ గోడ కమ్ములు సామ్రాజ్ఞి గదినుండి వీధి వీధికిని వచ్చినవి. కార్సెట్టు పోలేదు, చర్మము లోపలికి జరిగినదని కొందరు చరిత్రకారులు చెప్పుట వ్యర్థము కాదు.

ఇప్పుడు మన బజారుమాటకు వత్తము. రబ్బరుతో చేసిన నడుము బెల్టులు, దినమునకు కొన్ని గంటలు తొడిగినచో కొన్ని వారములలో నడుము శాశ్వతముగా సన్నగిలునను ప్రకటనలతో అమ్ముడుపోవుచున్నవి. దేహధర్మము ఇందుకు ఒప్పుకొనదు. కొవ్వు ఒత్తిడికి కరగెడి పదార్థము గాదు. తిన్నదానికన్న ఖర్చు హెచ్చినప్పుడే అది తరుగును, అప్పుడైనను మనము కోరిన చోటనే తరుగదు. దిండును ఒకవైపు నొక్కినచో దూది మరియొకవైపు పొంగినట్లు, బిగించిన నడుమునుండి మెత్తని భాగము పైకిని క్రిందికిని జరుగును. బెల్టు క్రింద పట్టిన చెమట తూకమును కొంచెము తగ్గించును. విప్పి నీరు త్రాగగానే కొలతయు, తూకమును యథాస్థానమునకు వచ్చును. బిగుతుగా నున్నప్పుడు ఎక్కువ తినలేము గనుక ఆ దారినైనను తగ్గుదుమని వాదింతురు. ఆ వాదమును స్వీడన్ వైద్యులు పరీక్షింపబూనిరి: కఠిన పథ్యముతో బరువు తగ్గిన రోగులలో కొందరికి, ఆ తగ్గిన బరువు నిలుచుటకై, నెలల తరబడి కార్సెట్టు తొడుగుమని చెప్పిరి. రోగులు దానిని చెప్పినంతసేపు తొడుగుకొనలేక విడిచిరి. మేలు జరిగినదని రుజువు కాలేదు. ఆ ఫలితము 2010లో వెలువడినది.

మన వారికి ఇందులో మరియొక ప్రమాదము కలదు. నడుము కొలత మనకు కేవలము సొగసు మాట గాదు. దక్షిణాసియా వారిలో స్త్రీకి 80 సెంటీమీటర్లు, పురుషునకు 90 సెంటీమీటర్లు నడుము చుట్టుకొలత చేరినచో మధుమేహమునకును, హృద్రోగమునకును అది హెచ్చరికయని వైద్యులు చెప్పుదురు. ఏలనన, ప్రేగుల చుట్టును కాలేయమునందును చేరు కొవ్వునకు బయటి కొలత గుర్తు. కార్సెట్టు టేపును మోసగించగలదు గాని కాలేయమును మోసగించలేదు. హెచ్చరించు గంటకు గుడ్డ చుట్టినంత మాత్రమున నిప్పు చల్లారదు.

ఈ నడుమ మా చెల్లెలి కూతురు, పెండ్లి చీర క్రిందికి లంగాకు బదులుగా తొడుగుకొను బిగుతు షేప్‌వేరు ఒకటి తెచ్చి, నా ముందు పరచి, "పెద్దమ్మా, ఇది రోజూ వేసుకుంటే పొట్ట నిజంగానే తగ్గిపోతుందంటావా?" అని అడిగినది. పక్కనున్న మా అత్తగారు, పురిటిలో తనకు పాత చీరతో నలభై దినములు పొట్టకు కట్టు కట్టిరనియు, అందుచేతనే తన నడుము నిలిచినదనియు సాక్ష్యము చెప్పిరి. నేనామెతో వాదింపలేదు. బాలింతకు ఆ కట్టు వదులైన పొట్టకు ఆసరా ఇచ్చుననుట నిజమే. నేటి ఆసుపత్రులలో కూడ సిజేరియను పిమ్మట, లేచునప్పుడును దగ్గునప్పుడును కుట్లు లాగకుండుటకై బెల్టు పెట్టింతురు. అది నొప్పికి తోడు. పొట్ట తగ్గుట గర్భాశయము క్రమముగా ముడుచుకొనుట వలనను, కండరములు తమ బలమును తిరిగి పొందుట వలనను జరుగును. తోడుండినవానికి ఫలమంతయు తనదేయని చెప్పుకొను అలవాటు మనుష్యులలోనే గాదు, వస్త్రములలో కూడ కలదు.

అయినను కార్సెట్టు మాట విని నవ్వుచు, మనకు బిగింపే తెలియదనుకొనుట పొరపాటు. లంగా బొందు ముడి దశాబ్దముల తరబడి ఒక్క చోటనే ఒరసి ఒరసి, నడుము చుట్టును నల్లని చార మిగిల్చిన స్త్రీలు మన ఇండ్లలో ఎందరో కలరు. ఆ ఒరపిడి వలన పుట్టిన పుండు మానక కాన్సరుగా మారిన వృద్ధ స్త్రీలను గూర్చి మహారాష్ట్ర, బీహారు వైద్యులు 2024లో బీఎమ్‌జే కేస్ రిపోర్ట్స్ అను పత్రికలో ప్రకటించిరి. ధోవతి కట్టు వలన నట్టిదే కలుగునని మన దేశపు వైద్యులు 1945లోనే వ్రాసియుండిరి. అట్టివి అరుదే, కాని బొందును కొంచెము వదులుగా, వెడల్పుగా, చోటు మార్చి కట్టుకొనుమని చెప్పుటకు ఆ అరుదైనవే చాలును. దేహమునకు బిగింపు ఏ దేశపుదను విచారణ లేదు.

ఆ పిల్లకు నేను చెప్పినది ఇది. ఒక్క సాయంకాలము చీర కుచ్చిళ్లు నున్నగా నిలుచుటకు, నీకది ముచ్చటైనచో తొడుగుకొనుము. కూర్చుండి పంక్తిలో నాలుగు ముద్దలు తినగలుగుదువో, మెట్లెక్కి మాటలాడగలుగుదువో, కడుపార నవ్వగలుగుదువో చూచుకొనుము. ఛాతీలో మంట పుట్టినను, ఊపిరి చాలకపోయినను విప్పివేయుము. తొడిగినంతసేపు ఇట్లు కనబడుదువని మాత్రమే చెప్పు వస్త్రము అబద్ధము చెప్పుట లేదు. తలకు పూలు, కంటికి కాటుక ఎట్లో, అదియు నట్లే, సౌందర్యమును ఒక్క పూటకు తెచ్చి ఆ పూటతోనే తీసికొనిపోవును. విప్పిన తరువాత కూడ ఇట్లే ఉందువని చెప్పిన క్షణమున అది వస్త్రధర్మమును విడిచి వైద్యుని వేషము కట్టుచున్నది. ఆ వేషమునకు డబ్బీయవలదు. నడుము నిజముగా తగ్గవలెనన్న దారి పాతదే, మెల్లనిదే: మితభోజనము, నిత్యము నడక, కండరములకు పని, కంటినిండ నిద్ర. ఆ దారిలోనైనను సామ్రాజ్ఞి వలె తక్కెడకు బానిస కావలదు. త్రాడు బయటనున్నను లోపలనున్నను, ఊపిరికన్న కొలతను ఎక్కువగా ప్రేమించిన నాడు అది ఉరియే. నడుము చుట్టు కొలతను టేపు చెప్పును. దానిని తగ్గించుకొనుట ఎవరి కొరకను ప్రశ్నను టేపు అడుగదు, దర్జీ యడుగడు, అమ్మెడువాడు అసలే యడుగడు. తొడిగెడు మనిషియే అడుగుకొనవలెను. అడుగుకొని, తన ఇష్టముననే తొడిగినచో దానికి ప్రయోజనము కలదు, అడుగకుండ తొడిగినచో ఎంత సన్నగిలినను లేదు.